చదువును ఎంచుకునే హక్కు

(చీపురుపల్లిలో ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“మన పిల్లలు ఏం చదువుతున్నారు?” అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఈ ప్రశ్నకు మన ఇళ్లలో సాధారణంగా వచ్చే జవాబు ఒక్క మాటలో ముగుస్తుంది: ఎంపీసీ, బైపీసీ, సీఈసీ. కాస్త పెద్దవారైతే: బీటెక్, డిగ్రీ. ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది. ఆ పిల్ల ఏ విషయం మీద మనసు పెట్టింది, ఆ విషయం ఆమెను ఎటు తీసుకుపోతుంది, దానివల్ల మన సమాజానికి ఏమి ఒనగూరుతుంది అన్న ప్రశ్నలు మనం వేయం. ఈ రోజు ఆ ప్రశ్నలే వేద్దాం. విద్యార్థులు ఎక్కువగా చదివే విషయాలలో మూడింటిని తీసుకుంటాను: సాహిత్యం, మనస్తత్వశాస్త్రం, సాంకేతికత. చూడటానికి మూడూ మూడు దారులు. కానీ ముస్లింలుగా మన హక్కుల ప్రశ్న ఈ మూడు దారులలోనూ ఎదురవుతుంది.

ముందుగా మనం ఎక్కడ నిలబడి ఉన్నామో చూసుకుందాం. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2001 జనగణనను బట్టి దేశంలో సగటు అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలలో అది 59.1 శాతమని ఆ నివేదిక చెప్పింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానేశారని చెప్పింది. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో పాతికమందికి ఒక్కరు, పీజీ చదివేవారిలో యాభైమందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని లెక్క తేల్చింది. మనవాళ్లంతా మదరసాలకే పోతారన్న అపోహను కూడా అదే నివేదిక తోసిపుచ్చింది. బడి ఈడు ముస్లిం పిల్లలలో మదరసాలలో చదివేవారు మూడు శాతానికి మించరని తేల్చింది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పరిస్థితి మరొక రకం. 2011 జనగణన ప్రకారం ఇక్కడ ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. కర్నూలులోనో గుంటూరులోనో ఉన్న కుర్రవాడికి పక్క వీధిలో చదువుకున్న మేనమామ దొరకవచ్చు. ఇక్కడ చాలా కుటుంబాల్లో కాలేజీ గడప తొక్కే మొదటి మనిషి ఇప్పుడు మన ముందు కూర్చున్న ఈ పిల్లవాడే, ఈ అమ్మాయే. అడిగి తెలుసుకునే మనిషి లేనప్పుడు ఎంపిక వినికిడి మీద జరుగుతుంది. ఎదురింటి అబ్బాయి ఏం చదివాడో అదే చదువు. ఏ కాలేజీ బస్సు వీధి చివరకు వస్తుందో అదే కాలేజీ. దీన్ని ఎంపిక అనలేం. చదువుకునే హక్కు అంటే బడిలో పేరు ఉండటం ఒక్కటే కాదు. చదువును తెలిసి ఎంచుకోగలగడం కూడా ఆ హక్కులో భాగమే.

సాహిత్యం: మన కథ ఎవరు చెప్పాలి?

ఈ ఊరికి సాహిత్యం పరాయిది కాదు. 1862లో పుట్టిన గురజాడ అప్పారావుగారు చిన్ననాటి చదువు చీపురుపల్లిలోనే చదివారు. అప్పట్లో వారి తండ్రి ఇక్కడ ఉద్యోగం చేసేవారు. తండ్రి పోయాక పిల్లవాడు విజయనగరం చేరాడు. అక్కడ మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రిగారు బస, భోజనం ఏర్పాటు చేశారు. తరవాత ఆ కుర్రవాడు తత్వశాస్త్రం ప్రధానంగా, సంస్కృతం తోడుగా 1886లో బీఏ పూర్తి చేశాడు. 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో అచ్చయింది.

ఈ సంగతి మనకు రెండు విషయాలు చెబుతుంది. తండ్రి లేని పిల్లవాడికి ఒక పూట అన్నం, ఒక చాప పరుచుకునే చోటు దొరకకపోతే ఆ నాటకం మనకు వచ్చేదో లేదో! ఉపకార వేతనం, వసతి గృహం అంటే దయాధర్మం అనుకునేవారు ఈ లెక్క వేసుకోవాలి. ఇక రెండోది. ఆయన చదివిన తత్వశాస్త్రం, సంస్కృతం ఈనాటి మన లెక్కలో ‘పనికిరాని’ సబ్జెక్టులు. ఆ పనికిరాని చదువు చదివిన మనిషి కన్యకల అమ్మకం మీద ఒక సమాజం తనకు తాను సిగ్గుపడేలా చేశాడు. ‘పెద్ద మసీదు’ అన్న కథ రాసి, మతం మనుషుల మధ్య ఏమి చేస్తుందో కూడా ఆలోచించాడు.

గురజాడకు విజయనగరంలో సహాధ్యాయి అయిన గిడుగు వెంకట రామమూర్తిగారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో పాఠ్యపుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. అల్పసంఖ్యాకుల భాషకు బడిలో చోటు ఉండాలన్న సూత్రం మన రాజ్యాంగంలోకి ఎక్కకముందే ఆయన దాన్ని ఆచరణలో పెట్టారు. ఉత్తరాంధ్రలోనే పుట్టిన చిలుకూరి నారాయణరావుగారు భాషా శాస్త్రవేత్త. ఖురాన్‌ను మొదటిసారి తెలుగులోకి తెచ్చినవారు ఆయనే. పరుల గ్రంథాన్ని తన భాషలో చదువుకోవాలన్న ఆ కుతూహలం ఈ నేలకు కొత్త కాదు.

మనవారి సంగతికి వస్తే, పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషాగారు తెలుగు పద్యం రాశారు, పారశీకం నుంచి ఉమర్ ఖయ్యాంను అనువదించారు, కేంద్ర శాసనసభలో సభ్యులుగానూ ఉన్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనం, 1999లో మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, 2004లో ‘వతన్’ కథా సంకలనం, 2005లో షాజహానా ‘నఖాబ్’ వచ్చాయి. అంతవరకు తెలుగు కథలో సాయిబు అంటే తరచు నవాబో, బండి తోలేవాడో, అత్తరు అమ్మేవాడో. ఈ పుస్తకాల తరవాత ఆ సాయిబుకు ఒక ఇల్లు వచ్చింది. ఇంట్లో అమ్మ, అప్పు, పండగ, కోపం వచ్చాయి. వీరు చదివిన సాహిత్యం, వీరు నేర్చిన తెలుగే ఆ పని చేసింది. మన గురించి ఇతరులు రాసింది తప్పని ఎంత వాదించినా, మనం రాసింది చూపించలేకపోతే ఆ వాదన నిలబడదు.

తెలుగో ఉర్దూనో ఇంగ్లీషో చదివితే తిండి పెడుతుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఉపాధ్యాయ వృత్తి, న్యాయవాదం, పత్రికలు, అనువాదం, గ్రూప్స్ పరీక్షలు అన్నీ భాష మీదే నడుస్తాయి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు సరిగా రాయగల మనిషి, సమాచార హక్కు దరఖాస్తు గట్టిగా పెట్టగల మనిషి, కోర్టు తీర్పు చదివి మనకు విడమరచి చెప్పగల మనిషి ప్రతి ఊళ్లో మనకు కావాలి. 1998 నుంచి హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేర ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఆ దారులు ఉన్నాయని కూడా మన పిల్లలకు చెప్పేవారు లేరు.

మనస్తత్వశాస్త్రం: మనసుకు తగిలే దెబ్బ

రెండో విషయం పేరు చెప్పగానే మనవారు ‘పిచ్చి డాక్టరు చదువు’ అంటారు. మనిషి ఎలా నేర్చుకుంటాడు, దేనికి భయపడతాడు, ఎందుకు ద్వేషిస్తాడు, ఎలా కోలుకుంటాడు అన్నది ఈ శాస్త్రం పరిశీలించే విషయం. మనకు దూరంగా లేని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అక్కడ మనస్తత్వశాస్త్ర విభాగాన్ని కోనేరు రామకృష్ణారావుగారు నెలకొల్పారు. ఆయన తరవాత అదే విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. అంటే రైలెక్కి మధ్యాహ్నానికి చేరే దూరంలోనే ఈ చదువు ఉంది.

అల్పసంఖ్యాకుల హక్కులకు ఈ శాస్త్రం చేసిన ఉపకారం తక్కువది కాదు. అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అన్న నల్లజాతి దంపతులు 1940ల ప్రాంతంలో పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. రంగులో తప్ప అన్నిటా ఒకేలా ఉన్న బొమ్మలు. ఏది మంచి బొమ్మ అని అడిగితే నల్లపిల్లలలో ఎక్కువమంది తెల్లబొమ్మను చూపారు. వేరు చేసిన బడి పిల్లవాడి మనసులో తన మీద తనకే చిన్నచూపు నాటుతుందని వారు వాదించారు. 1954లో బడులలో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పు, తన అధోజ్ఞాపికలో క్లార్క్ రచనను పేర్కొంది. హక్కుల పోరాటంలో ఒక బొమ్మ సాక్ష్యం చెప్పిందంటే ఆ బొమ్మను సాక్షిగా నిలబెట్టినది మనస్తత్వశాస్త్రం.

మన దేశం నుంచే మరొకటి చెబుతాను. ఉత్తరప్రదేశ్‌లోని పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఒక ప్రయోగం చేశారు. 2004లో దాని ఫలితాలు వెల్లడయ్యాయి. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి కనిపెట్టే చిక్కుబొమ్మలు ఇచ్చి, పూర్తి చేసిన ప్రతి బొమ్మకూ డబ్బులిచ్చారు. ఎవరి కులమూ చెప్పనప్పుడు పైకులాల పిల్లలూ, కిందకులాల పిల్లలూ ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ఎదుటా పేరు, కులం చదివి ఆటకు కూర్చోబెట్టినప్పుడు కిందకులాల పిల్లల పనితనం గణనీయంగా తగ్గిపోయింది. తెలివి అంతకుముందు ఉన్నదే, చేతులు అవే. నలుగురిలో కులం చదవడమే వారిని కుంగదీసింది.

ఇక్కడ ఉపాధ్యాయులు ఉన్నారు. తరగతిలో ఒకే ఒక ముస్లిం పిల్లవాడు ఉన్నప్పుడు, పాకిస్తాన్ ప్రస్తావన రాగానే తలలన్నీ అతని వైపు తిరగడం మనకు తెలిసిందే. హాజరు పిలిచేటప్పుడు పేరును ఎగతాళిగా సాగదీయడమూ తెలిసిందే. అది చిన్న విషయమని పిల్లవాడికి నచ్చజెప్పి పంపేస్తాం. చిన్న విషయం కాదని ఆ ప్రయోగం చెబుతోంది. నూటికి ఒక్కరు కూడా లేని జిల్లాలో మన పిల్లలు ఆ చూపును రోజూ మోస్తూనే లెక్కలు చేస్తున్నారు. వారి మార్కులు చదివేటప్పుడు ఆ బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ బాధను ఎవరికి చెప్పుకోవాలి? మన ఇళ్లలో దిగులును దిష్టి అంటాం, బద్ధకం అంటాం, నమాజు మానేసినందుకు వచ్చిందంటాం. ప్రార్థన మనిషికి ఊరట ఇస్తుంది. వైద్యం అవసరమైనప్పుడు వైద్యం కూడా కావాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీమానస్ సేవ ఉచితంగా దొరుకుతుంది. ఈ నంబరు ఇప్పుడే రాసుకోండి. మన భాష, మన ఇంటి అలవాటు తెలిసిన సలహాదారులు కావాలంటే మన ఆడపిల్లలు, మగపిల్లలు ఈ చదువు చదవాలి. పరాయి మనిషి ఎదుట నోరు విప్పని తల్లి తన ఇంటి మాట తెలిసిన అమ్మాయి ముందు విప్పుతుంది. సాధారణంగా ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా డిగ్రీలో ఈ విషయం తీసుకోవచ్చు. రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన చదువు, నమోదు తప్పనిసరి. ఆ తేడా చేరకముందే తెలుసుకోండి.

సాంకేతికత: యంత్రానికి పాఠం చెప్పేదెవరు?

సాంకేతికత అంటే మనకు కంప్యూటరే గుర్తుకు వస్తుంది. మన పూర్వీకుల చేతులనూ గుర్తుకు తెచ్చుకోవాలి. దూదేకులవారి విల్లు ఒక యంత్రమే. ఇక్కడికి దగ్గరలోని పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని ఖద్దరు నేసే పద్ధతి ఒక సాంకేతికతే. అత్తరు చేయడం, రాయి మలచడం, తోలు శుద్ధి చేయడం వంటి పనులను చదువుగా గుర్తించలేదు, కూలీగా లెక్కకట్టారు. వెనుకబడిన తరగతుల జాబితాలో మనం చూసే పేర్లలో చాలావరకు ఒక్కొక్కటీ ఒక పనితనం పేరు.

మరొక పేరు కూడా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెల గురించి పుస్తకం రాశారు. ఆయన పేరే లాటిన్‌లో మారి మారి ఆల్గోరిథం అయింది. ఆయన మరో పుస్తకం శీర్షికలోని ‘అల్ జబ్ర్’ ఆల్జీబ్రా అయింది. బీటెక్ మొదటి సంవత్సరం పిల్లవాడు ఆ మాట పలికిన ప్రతిసారీ ఒక ముస్లిం పండితుడి పేరు పలుకుతున్నాడు. ఈ గర్వం మంచిదే. అయితే గర్వంతో కడుపు నిండదు, ఈనాటి యంత్రం ఏమి చేస్తున్నదో కూడా చూడాలి.

2021లో అబూబకర్ ఆబిద్, మహీన్ ఫారూఖీ, జేమ్స్ జౌ అన్న పరిశోధకులు జీపీటీ-3 అన్న భాషా నమూనాను పరీక్షించారు. “ఇద్దరు ముస్లింలు ఒక చోటికి నడిచి వెళ్లారు” అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని సగంలో ఆపి, మిగతాది పూర్తిచేయమన్నారు. నూరు సార్లు అడిగితే 66 సార్లు ఆ యంత్రం హింసతో వాక్యాన్ని ముగించింది. ముస్లింల స్థానంలో వేరే మతస్థుల పేరు పెడితే హింస బాగా తగ్గింది. ముందుగా ముస్లింలు కష్టపడి పనిచేసేవారు అన్నటువంటి ఒక మంచి మాట చేర్చి అడిగితే 66 కాస్తా 20కి దిగింది. అయినా ఇతరుల కంటే ఎక్కువే.

ఈ ఒక్క ప్రయోగాన్ని నిదానంగా చూడండి. యంత్రానికి పగ లేదు. మనుషులు రాసిన కోట్లాది వాక్యాలను అది చదివింది. ఆ వాక్యాలలో ముస్లిం పక్కన ఏ మాట ఎక్కువగా కూర్చుందో దాన్నే నేర్చుకుంది. ఏ కథలు రాశారు, ఎవరు రాశారు అన్నది సాహిత్యం వేసే ప్రశ్న. ఒక పేరు వినగానే మనసులో ఒక బొమ్మ ఎందుకు లేస్తుంది, ఒక మంచి మాట ఆ బొమ్మను ఎందుకు మారుస్తుంది అన్నవి మనస్తత్వశాస్త్రం వేసే ప్రశ్నలు. దాన్ని కొలిచి, బయటపెట్టి, సరిదిద్దడం సాంకేతికత పని. మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా ఆ పరిశోధన జరిగేది కాదు. రేపు ఉద్యోగ దరఖాస్తులను, అప్పు అర్జీలను యంత్రాలు వడపోసే చోట ఆ 66 ఎవరి బతుకు మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2018లో జాయ్ బువోలమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అన్న ఇద్దరు నల్లజాతి స్త్రీలు ముఖాలను చూసి ఆడా మగా తేల్చే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్ల మగవారి విషయంలో తప్పులు నూటికి ఒకటి కంటే తక్కువ. నల్ల స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా ఉన్నాయి. ఆ లోపం ఎవరి ముఖం మీద పడిందో వారే దాన్ని కనిపెట్టారు. అందుకే అంటున్నాను: మన పిల్లలు సాంకేతికత చదవాలి, తప్పక చదవాలి. నాలుగేళ్లు కోడు రాయడం మాత్రమే నేర్చి, తాను ఎవరో, ఎవరి కోసం రాస్తున్నాడో తెలియకుండా బయటికి వస్తే మాత్రం ఆ చదువు సగమే.

ఒకే మనిషి, మూడు పనులు

మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్వతంత్ర భారతానికి మొదటి విద్యామంత్రి. 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ మొదలైంది ఆయన కాలంలోనే. 1954లో సాహిత్య అకాడమీ మొదలైందీ ఆయన కాలంలోనే. ఆ పెద్దమనిషికి యంత్రశాస్త్రం, కవిత్వం ఒకదాన్నొకటి తినేవిగా కనిపించలేదు. మన ఇళ్లలో మాత్రం అవి ఒకదాన్నొకటి తింటున్నాయి.

అందువల్ల కొన్ని మాటలు నేరుగా చెబుతాను.

రాజ్యాంగం 29, 30 అధికరణాలు మన భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కు, విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. దూదేకులవారు బీసీ-బీలో ఉన్నారు. పదో తరగతి ఫలితాలు వచ్చాక కాదు, అంతకుముందే ధ్రువపత్రం తీసిపెట్టుకోండి. ఒక్క కాగితం ఆలస్యమై సీటు పోయిన పిల్లలు ప్రతి ఏటా ఉన్నారు.

ఇచ్చినవి నిలబెట్టుకోవడం ఒక ఎత్తు, తీసేసినవాటిని అడగడం మరొక ఎత్తు. పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఆపేసింది. ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని తొమ్మిది, పది తరగతులకే కుదించింది. సాహిత్యంలో, మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకునే పేదపిల్లకు ఆ ఫెలోషిప్పే ఆధారం. దాన్ని తిరిగి ఇవ్వాలని అడగడం మన బాధ్యత. చంద్రశేఖర శాస్త్రిగారు ఒక పిల్లవాడికి చేసిన ఉపకారాన్ని ప్రభుత్వం వేలమందికి హక్కుగా చేయాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆడపిల్ల చదువును బస్సు దూరంతో కొలవకండి. ఊళ్లో ఉన్న గ్రూపే ఆమెకు ఇష్టమైన గ్రూపని తేల్చేయకండి. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి ఒకే రైలులో వెళ్లి వచ్చే ఏర్పాటు పెద్దలు పూనుకుంటే జరగని పని కాదు. విజయనగరంలో, ఎచ్చెర్లలో, విశాఖలో విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఈ ఊరి స్టేషను హౌరా–చెన్నై దారిలోనే ఉంది.

సమాజ పెద్దలకు మరొక మనవి. ప్రతి ఏటా మే నెలలో రెండు ఆదివారాలు ఒక బల్ల, రెండు కుర్చీలు వేసి కూర్చోండి. ఈ జిల్లాలో డిగ్రీ దాటిన ముస్లిం యువతీ యువకులను పిలవండి. పిల్లలు వచ్చి అడుగుతారు, వారు చెబుతారు. ఖర్చు టీ ఖర్చే. ఇంట్లో లేని మేనమామ అక్కడ దొరుకుతాడు.

విద్యార్థులారా, చేరే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ విషయం ఎవరూ బలవంతం చేయకపోయినా చదువుతానా? దీనితో నా కాళ్ల మీద నేను నిలబడే దారి ఏది, ఆ దారికి ఎన్నేళ్లు, ఎంత ఖర్చు? నేను చదివింది నాలాంటి మరొకరికి ఎలా పనికివస్తుంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే అది తెలుగైనా, సైకాలజీ అయినా, కంప్యూటర్ సైన్స్ అయినా ధైర్యంగా చేరండి. ఒకదానిలో చేరి మిగతా రెండింటి పుస్తకాలూ తెరవండి. ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఏడాదికి రెండు నవలలు చదవాలి. తెలుగు చదివే అమ్మాయి కంప్యూటర్ మీద తెలుగు టైపు చేయడం, పుస్తకం పుట కట్టడం నేర్వాలి.

అసంపూర్తిగా ఉన్న ఆ వాక్యాన్ని యంత్రం ఇప్పటికీ పూర్తి చేస్తూనే ఉంటుంది. అది హింసతో ముగియాలా, బడికి వెళ్లారనో, పొలానికి వెళ్లారనో, పెళ్లికి వెళ్లారనో ముగియాలా అన్నది, ఇక్కడ కూర్చున్న మీరు రేపు ఏమి రాస్తారో, ఎవరి మనసుకు మందు వేస్తారో, ఏ యంత్రాన్ని సరిచేస్తారో దాన్ని బట్టి ఉంటుంది.

సెలవు.